తూము కాడ

జొన్నకు చుట్టాలంటే చెప్పులు.
వాకిట్లో విప్పిన ప్రతి జతనూ మూతితో చదువుతుంది:
ఇది ఆదోని దుమ్ము,
ఇది బస్సులో నిలబడి వచ్చిన కాలు,
ఇది కుక్కలంటే భయపడే కాలు.

చిన్నత్త ఉరుకుందమ్మ చెప్పులు విప్పనే లేదు.
కంటి ఆపరేషన్‌కని ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకొచ్చి
గేటు అవతల్నే గొడుగు ముందుకు చాచి నిలబడింది.
"దాన్ని కట్టేయ్ నాయనా,
కట్టేస్తేనే నేను లోపలికొచ్చేది."

కట్టేశాం. పది రోజులు.
పెరట్లో కానుగ చెట్టుకు జొన్న,
వసారాలో మంచానికి అత్త.
వంగకూడదు, తలకు పోసుకోకూడదు,
గట్టిగా దగ్గకూడదని డాక్టరు.
మొరగకూడదని నేను.
ఇద్దరూ సగమే విన్నారు.

పదకొండో పొద్దు
గొలుసు విప్పుతుంటే నల్లద్దాల్లోంచి అడిగింది:
"యాడికి పోతారబ్బా రోజూ ఇద్దరూ?"
కె.సి. కాలువ గట్టు మీదికి అత్తా.
"ఏముండాది ఆడ?"
ఏముందని చెప్పేది?
తుమ్మచెట్లు, జమ్ము, పెచ్చులూడిన ఒక తూము.
"నేనూ వస్తా. దాన్ని ఆ పక్కకు పట్టుకో."

జొన్న లాగే కుక్క.
నా కుడి భుజం దానివల్లే రొంత దిగింది.
ఆ రోజు మాత్రం
చీర కుచ్చిళ్ల వేగానికి కాళ్లు తగ్గించుకుంది.
ఆమె ఆగితే ఆగి,
తానేదో వాసన పట్టినట్టు గడ్డిలో మూతి పెట్టింది.

తూము మీద కుచ్చుని అత్త
కొత్త కంటితో ఒక్కొక్కటీ అడిగింది.
ఆ తెల్లవి కొంగలా, సంచులా?
కొంగలే. రెండు మాత్రం సంచులు.
"తుమ్మపువ్వు ఇంత పసుపా?
ఇన్నేళ్లూ వెలిసిపోయిందనుకుంటిని."
చివరికి జొన్న వైపు తిరిగింది. చానాసేపు చూసింది.
"అయ్యో, దీనికి కనుబొమలుండాయే!"

కొంగుముడి విప్పి రొట్టె ముక్క తీసింది.
నోటికి పెట్టలేదు, భయమేం పోలేదు.
నేల మీదుంచి మూడడుగులు వెనక్కి జరిగింది.
ఆమె జరిగేదాకా ఆగి
అప్పుడు తినింది ఇది.

పోయి నెల దాటింది.
గొడుగు మరిచిపోయింది.
ఈ పొద్దు వాన చినుకులు పడుతుంటే
అదే తీసుకుని బయల్దేరాను.
బిన్నా పోయొద్దామని నేను,
తూము కాడ కూలబడి ఇది.

పదవే, అన్నాను.
కనుబొమలెత్తి చూసింది.
నిజమే, రెండు గోధుమరంగు చుక్కలు.
ఐదేళ్లుగా గొలుసు ఈ చివర నేనుండీ చూడలేదు.

గొడుగు ఇద్దరికీ చాలదు.
దాని వీపు, నా భుజం తడుస్తున్నాయి.
అవతలి గట్టున తెల్లగా ఏవో.
ఒకటి లేచింది.
మిగతావి ఇంకా తెలీదు.