ఎన్నాళ్లొస్తాది

షట్టరు ఎత్తేసరికే ఎవరో ఒకరు
కాలిన మోటారును గోనెసంచిలో చుట్టుకొని
మెట్టు మీద కూచోనుంటారు.
వాసన చూసే రోగం చెప్పేస్తా.
చెప్పినాక అందరూ అడిగేది ఒకటే,
"ఎన్నాళ్లొస్తాది?"

ఇరవై ఏండ్లుగా వింటున్నా ఈ మాట.
చెప్పులు ఒక ఎండాకాలం వస్తాయి.
వేరుశనగ నూటపది రోజులు, వానదేవుడు తోడుంటే.
పత్తికొండ మార్కెట్టులో టమాటా మూడు రోజులొస్తాది,
దాని ధర మాత్రం పొద్దున పదింటిదాకే.
ఏదైనా ఇన్నేండ్లు ఉంటాదని మేమనం.
వస్తాదంటాం.
మనతోబాటు నడిచినట్టు,
డోన్ రోడ్డు మలుపు దాకా సాగనంపి
ఇంక నువ్వు పోయిరా అన్నట్టు.

తొలకరికి జొన్నగిరి చేలల్లో
వంగి వంగి వజ్రాలు వెతుకుతారు జనం.
కోట్ల ఏండ్ల రాయి కోసం వచ్చినోళ్ల సద్ది
మధ్యాన్నానికే పులుస్తాది.

రాగికి చావు లేదు.
కాలినా కరగబెట్టి మళ్లీ తీగ లాగుతారు.
చచ్చేది దాని మీది పూత,
గోటి మీది రంగంత పల్చన.
కరెంటు సరిగ్గా ఉంటే ఐదేండ్లు,
మన కరెంటుకు రెండు ఎండాకాలాలు.
బేరింగు చెప్పి పోతాది, నెలముందే గరగరమని.
కెపాసిటరు చెప్పకుండా పోతాది.
మనుషుల్లోనూ ఈ రెండు రకాలే చూసినా.

హుసేనప్ప రెండో రకం.

నాకు వైండింగు నేర్పించినాయన.
వాళ్ల నాయన దూది ఏకినాడు, ఈయన రాగి చుట్టినాడు.
చుట్లు లెక్కబెట్టేటప్పుడు పలకరిస్తే
లెక్క తప్పకుండానే తిట్టేటోడు.
పని అయినాక ఆకుపచ్చ రీఫిల్లుతో చీటీ రాసిచ్చేటోడు,
ఆర్నెల్లు గ్యారంటీ,
కింద అడ్డగీత, గీత కింద సంతకం.

ఉగాది ముందర ఒక బుధవారం
టీ గ్లాసు చేతిలో ఉండంగానే పోయినాడు.
గ్లాసు పగలలేదు.
ఇప్పుడు దాంట్లోనే నేను తాగుతున్నా.

ఆయన పోయినాక కూడా ఆయన గ్యారంటీలు
ఊర్లల్లో తిరుగుతానే ఉన్నాయి.
దేవనకొండ నుంచి ఒకరు, ఆస్పరి నుంచి ఇద్దరు
చీటీలు పట్టుకొని వచ్చినారు.
మనిషి లేడప్పా అన్నా.
తేదీ ఉంది గదా అన్నారు.
చూస్తే, నిజమే, ఉంది.
ఊరికే చుట్టిచ్చి పంపినా.

ఆఖరి చీటీ గడువు సెప్టెంబరు పద్నాలుగు.
గోడ క్యాలెండరులో ఆ అంకెకు సున్నా చుట్టి పెట్టుకున్నా.
ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి వాన పడింది.
బల్బు చుట్టూ ఉసుళ్లు.
ఒక్క సాయంత్రం వస్తాయి ఉసుళ్లు.
వాటి పుట్టేమో మా అబ్బ నిక్కర్లేసుకున్నప్పటి నుంచి
అట్లనే ఉందంట, దర్గా ఎనక.
పొద్దున్నే గంపెడు రెక్కలు ఊడ్చినా,
చీపురుకు బరువే తెలీలేదు.

నాలుగో రోజు దూదేకొండ నుంచి బోయ మారెన్న వచ్చినాడు.
గోనెసంచి లేదు. చీటీ ఒకటే.
"గడువు అయిపోయినట్టుంది గదా."
"అయిపోయింది. ఏం, కాలిందా?"
"యాడ కాలింది! స్విచ్చి ఏస్తే గువ్వ మాదిరి కూస్తాది.
బోరులోనే నీళ్లు లేవు.
మోటారుకు ఎంతొస్తాదో కనుక్కుందామని వచ్చినా."

బోరు ఎన్నాళ్లొస్తాదో
హుసేనప్ప కూడా ఎవరికీ రాసియ్యలేదు.

పాత సామాను ధర చెప్పినా.
ఊ అనలేదు, ఊహూ అనలేదు.
చీటీ మాత్రం నా బల్ల మీద పరిచి ఉంది.
చెమటకు అలుక్కుపోయి
ఆర్నెల్లలో 'ఆ' ఒక్కటే మిగిలింది, ఆకుపచ్చగా.
దాని కొమ్ము ఆయన తిప్పినట్టు ఇంకెవరూ తిప్పరు.

"చీటీ ఇచ్చిపో మారెన్నా,
ఇంక నీకేం పని దాంతో" అన్నా,
గొంతు మామూలుగా పెట్టి.

మారెన్న నా మొగం చూసినాడు.
చూసి, నాలుగు మడతలు పెట్టి
వక్కాకు సంచిలో దోపుకున్నాడు.

"ఉండనీలేప్పా.
ఇంకొన్నాళ్లొస్తాది."