నోటిమాటల పుస్తకం

గుత్తి మున్సబు కోర్టులో
కంబగిరి వకీలుకు నేను గుమాస్తాను.
పేరు ఉసేనప్ప.
కాగితాలకు దబ్బనంతో బెజ్జం వేసి
ఎర్రదారం కట్టడం నా పని.

ఆయన మొదటి ఫీజు అయిదు శేర్ల కొర్రలు.
ఎద్దులోళ్ల బావి తగాదా.
బావిలో నీళ్లు లేవు, అయినా నీళ్ల కోసమే దావా.
"సగం బావి మాదని మా నాయన చెప్పినాడు సామీ."
"చెప్పినాడా, రాసినాడా?"
ఆ మాట గుత్తి కోట నీడ కంటే దూరం పాకింది.
చంటిబిడ్డ పాలకేడిస్తే
"రాసిచ్చినానా నీకు?" అని ఆడోళ్లు నవ్వుకునేవాళ్లు.

నల్లకోటు ఒక్కటే ఉండేది.
ఎండకాలం దాని వీపున
చెమట ఉప్పు తెల్లగా గీతలు కట్టేది.
గొంతు పెంచడు.
కాగితం తిప్పే చప్పుడే ఆయన వాదన.
బుడ్డల మండీ సేటు తూకంరాళ్ల అడుగున
సీసం పోసినాడని దావా వేసిన రోజు
రాళ్లు తెచ్చి జడ్జి బల్ల మీద పెట్టి
ఊరికే కూర్చున్నాడు.
రాళ్లే మాట్లాడినాయి.

ఆ సాయంత్రం రైతులు ఆయన్ను బండెక్కించి ఊరేగించినారు.
బండి దిగినాక ఆయన వకీలు కాదు.

తాలూకా బోర్డు. జిల్లా బోర్డు. ఆమీట మద్రాసు.
రాత్రి మెయిలు మా ఊళ్లో ఆగేది రెండు నిమిషాలే.
ఆ రెండు నిమిషాల్లో కిటికీ కమ్మీల్లోంచి
నాలుగు ఊళ్లకు నాలుగు మాటలిచ్చేవాడు.
ఒకరికి బడి, ఒకరికి పట్టా,
ఈదులవంక మీద మోరీ.
రైలు కదిలిపోయేది.
మాట ప్లాట్‌ఫారం మీద మా ముందర నిలబడి ఉండేది.

నాకు పాత అలవాటు పోలేదు.
చోపుడు పుస్తకం ఒకటి కొని రాస్తా వచ్చినాను.
తేదీ. ఊరు. అడిగినోళ్లు. ఇచ్చిన మాట.
చివరి గడి ఖాళీ, తీర్పు కోసం.

మద్రాసు నుంచి ఒకసారి అచ్చుపుస్తకం పంపినాడు,
నూటెనభై పుటలు.
వెతగ్గా వెతగ్గా దొరికింది:
"గుత్తి సభ్యులు కరువును ప్రస్తావించిరి.
మంత్రిగారు పరిశీలింతుమనిరి."
ఆ ఏడు గంజి కేంద్రం కాడ
గోనె మారెన్న సత్తుగిన్నె చేతబట్టుకొని అడిగినాడు,
"పరిశీలించేది ఐపోయిందా ఉసేనప్పా?"

మేకుకు తగిలించిన నల్లకోటు జేబులో
ఎలుక పిల్లలు పెట్టింది.

రెండో ఎలక్షనుకు బండి లేదు, జీపు.
ఓడిపోయినాడు.
లెక్కింపు ముగిసిన రాత్రి కోటు దులిపి తొడుక్కున్నాడు.
గుండీలు కలవలేదు.
"పుస్తకం తే" అన్నాడు.
దాని సంగతి ఆయనకు తెలుసని నాకు తెలీదు.

లాంతరు దగ్గరికి జరుపుకొని చదివినాడు.
రెండువందల పన్నెండు మాటలు.
తీరినవి ముప్పైఒకటి.
రాగులపాడు బడి ఎదురుగా నేను వేసిన టిక్కు కొట్టేసి
"పైకప్పు ఎయ్యలేదు గదా" అన్నాడు.
ముప్పై.

ఉండబట్టలేక అన్నాను:
"నోటిమాటలే గదా సామీ. చెల్లవు."
ఆయన అద్దాలు తీసి తుడిచినాడు.
తుడిచిన అద్దాలనే మళ్లా తుడిచినాడు.
"నువ్వు రాసినావు గదప్పా."

తెల్లారి కోర్టుకు పోయినాడు, గుండీలు పెట్టని కోటుతో.
ఎద్దులోళ్ల బావి తగాదా ఇంకా నడుస్తానే ఉండె.
తాతలు పోయి మనవళ్లు బోనెక్కినారు.
"ఫీజు కొర్రలొద్దు, డబ్బొద్దు,
ఈదులవంక గట్టుకు కంకర తోలండి" అన్నాడు.
కేసుకొక బండి. పెద్ద కేసైతే రెండు.

మోరీ కట్టకముందే
ఒక వాయిదా నాటికి ఆయన రాలేదు.

మొన్న వానకు పుస్తకం సంచిలో వేసుకొని అటు పోయినాను.
కంకర సందుల్లో తుమ్మ మొలిచింది.
చివరి గడిలో ఏం రాయాలో తోచలేదు.
కుప్పలు లెక్కపెట్టి ఆ అంకె వేసినాను:
పందొమ్మిది.

ఆమీట చెప్పులు చేతబట్టుకొని వంక దాటినాను.
నీళ్లు మోకాటి దాకా.