పిల్వికి కాస్త చీకటి

జూన్‌లో మా ఔలు ఊళ్ళో సూర్యుడు
లేచి వెళ్ళడం తెలియని చుట్టం.
రాత్రి పదకొండున్నరకి కూడా
కుర్చీ నీడ గోడ దాకా సాగుతుంది.
మంచు తోసే బండి నడిపే నాకు
వేసవిలో పని తక్కువ, నిద్ర ఇంకా తక్కువ.

పిల్వి అంటే మా భాషలో మబ్బు.
బూడిద నీలం ఒళ్ళు, మెడ కింద నల్లచుక్కలు.
కొన్నప్పుడు దుకాణం కుర్రాడు
మగదని ఒట్టేసి చెప్పాడు.

మే చివర్లో దాని ముక్కు మీది లేత చర్మం
ఎండిన బురదలా గోధుమరంగుకు తిరిగింది.
పుస్తకాల బీరువా వెనక్కి దూరి
నా పాత డ్యూటీ డైరీని చీలికలు చేసి పోగేసింది.
ఫిబ్రవరి మొత్తం పోయింది.
ఏ రాత్రి ఏ దారిన మంచు తోశానో
ఇక ఎవరూ చెప్పలేరు.

చెయ్యి చాపితే కరిచింది.
రెండ్రోజులకి ఆ చీలికల మధ్య
ఒక గుడ్డు, నా బొటనవేలి గోరంత.
ఇంట్లో మగపిట్ట లేదు.
అద్దం ఉంది, అంతే.
అద్దంలోని దానితో ముక్కుకి ముక్కు ఆనించి
పిల్వి పొద్దంతా ఏదో చెప్పుకునేది.

రోజు విడిచి రోజు గుడ్డు.
నేను తీశాను, అది పెట్టింది.
తీశాను, పెట్టింది.
పారేయడానికి చేతులు రాక
ఫ్రిజ్‌లో వెన్న పక్కన దాచాను.

ఐదోది పెంకు లేకుండా వచ్చింది,
ఒలిచిన ద్రాక్షపండులా.
పిల్వి పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని
కళ్ళు మూసుకుంది.
హిల్కా దాన్ని ఉన్నిటోపీలో చుట్టి
ఒళ్ళో పెట్టుకుంది. కారు నేను తోలాను.
దారిలో ఇద్దరం ఒక్కమాట అనుకోలేదు.

డాక్టర్ టుయిరే సుతారంగా పొట్ట తడిమి చూసింది.
"ఇది ఎండిన నేలల పిట్ట.
వాన కురిస్తేనే గుడ్డు పెట్టే వంశం.
వానంటే దాని లెక్కలో ఏమిటి?
మెత్తటి మేత, నిండు పళ్ళెం,
పొడుగాటి పగలు, దూరడానికి ఓ మూల.
మీ ఇంట్లో నెల రోజులుగా వాన ఆగలేదు."

మేత కొలిచి పెట్టమంది.
సున్నం కోసం కటిల్‌ఫిష్ ఎముక కట్టమంది.
బీరువాని గోడకి జరపమంది, అద్దం తీసేయమంది.
వీపు నిమరొద్దంది, తల ఒక్కటే.
వీపు మీద చెయ్యి పడితే
ఆ పిట్టకి అర్థం వేరట.

మెడ నుంచి తోక దాకా రెండు వేళ్ళతో
అయిదేళ్ళుగా నేను చేసిందదే.
ముద్దు చేస్తున్నాననుకున్నాను.
హిల్కా కారెక్కాక నవ్వడం మొదలుపెట్టి
వంతెన దాటే దాకా ఆపలేదు.

దాచిన నాలుగు గుడ్లూ కాఫీ గిన్నెలో ఉడకబెట్టాను.
తీసేకొద్దీ పెడుతుంది కనుక
చల్లార్చి దాని కిందే ఉంచాలి,
విసిగి అదే లేచిపోవాలి.
పిల్వి ముక్కుతో ఒక్కొక్కదాన్నీ తిప్పింది,
పొట్ట కిందికి లాక్కుంది,
నా వంక చూసి ఊరుకుంది.
ఆ చూపుకి సంజాయిషీ ఏ భాషలో చెప్పను?

గ్యారేజీలోని నల్ల టార్పాలిన్ తెచ్చి
కిటికీకి మేకులు కొట్టాను.
సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎనిమిదిదాకా
పద్నాలుగు గంటల రాత్రి.
ఊరు మొత్తానికి మా దగ్గరే ఉంది.

పందొమ్మిదో రోజు పిల్వి గుడ్ల మీంచి దిగి
పై కొమ్మెక్కి, నన్ను తిట్టి, కొర్రలు తింది.
గుడ్లు అగ్గిపెట్టెలో పెట్టాను.
ఎండుద్రాక్ష పొద కింద పాతెయ్యమంది హిల్కా.
సరేనన్నాను.
పెట్టె ఇంకా బండిలో స్టీరింగ్ ముందే ఉంది.

టార్పాలిన్ మాత్రం తీయలేదు.
ఒక రాత్రి పిట్ట ఎలా ఉందో చూద్దామని వెళ్ళి
చీకట్లో నేల మీదే నిద్రపోయాను.
మర్నాడు హిల్కా దిండు తెచ్చుకుంది.
ఇప్పుడు ముగ్గురం అక్కడే.
ఎనిమిదికి లేచి ఆ పట్టా ఎత్తే వంతు
ఎవరిదని రోజూ తగువు.