మూసేముందు అడగాలి

సెబూ రేవు దగ్గర
మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద మా కంట్రోల్ రూము.
పేరే పెద్దది.
నాలుగు బల్లలు, దగ్గుతూ నడిచే జనరేటరు,
గోడకి సమర్ ద్వీపం పటం,
పటం మీద ఎవరిదో కాఫీ మరక.
మొదటి రాత్రి దాన్నొక ఊరనుకుని
అక్కడి ఫోన్ నంబర్లు వెతికాం.

నేనెవర్నీ నీళ్ళలోంచి లాగలేదు.
పడవ నడపడం రాదు, ఈతా అంతంత మాత్రమే.
లాగేవాళ్ళ ఫోన్లు మొండికెయ్యకుండా చూడటం నా పని.

రొడేలియో పాస్‌వర్డ్ మర్చిపోతాడు.
తుఫాను తీరం దాటాక ఇది అయిదోసారి.
గీవాన్ వాళ్ళకి పటం సగం తెరుచుకుని
సరిగ్గా సముద్రం దగ్గర ఆగిపోతుంది.
ఒక నర్సు రాస్తుంది:
"మెసేజి రెండుసార్లు పోయింది,
బియ్యం కూడా రెండు లారీలొచ్చాయి.
ఈ తప్పు మీరు దిద్దకపోతే ఏమన్నా నష్టమా?"
దిద్దలేదు.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు.
ఇక్కడ అడిగేవాడు ఇంటికప్పు మీద కూర్చుని అడుగుతున్నాడు.
ఎవరు లోకువో నీళ్ళు తీశాక తేల్చుకుందాం.

ప్రతి వినతికీ ఓ నంబరు, నంబరుకో రంగు.
ఎరుపంటే ఇప్పుడే, పసుపంటే ఈ పూటే,
ఆకుపచ్చంటే కాస్త ఊపిరి తీసుకున్నాక.
రంగు మీరే ఎంచుకోండన్నాం మొదట్లో.
తెల్లారేసరికి తెరంతా ఆరబోసిన మిరపకాయలు.
ఎవర్నని తప్పుపడతాం,
ఎవరి మంట వాళ్ళకి మంటే.
రెండోరోజు రంగుల పెత్తనం నా చేతికొచ్చింది.
ఆ రోజు నుంచి నన్ను తిట్టుకోనివాళ్ళు లేరు,
నాతో కలిపి.

ఇన్‌స్టిట్యూట్ క్రిసాంతా టీచరుది. డెబ్భై ఒకటేళ్ళు.
వేళ్ళకేసి చూడకుండా టైపు కొట్టడం
సగం రేవుకి నేర్పింది.
"పనిచెయ్యట్లేదు" అని రాస్తే ఒప్పుకోదు.
ఏం చేశావు? ఏం జరిగింది? ఏం జరగాలనుకున్నావు?
మూడూ రాస్తేనే నంబరు.
మూసేముందు మాత్రం ఒకటే నియమం:
అడిగినవాళ్ళు "సరిపోయింది" అనాలి.
మన పని అయిపోతే
వాళ్ళ కష్టం అయిపోయినట్టు కాదంటుంది.

నాలుగొందల పన్నెండు.
పేరు డియోనెల్.
ఏం చేశావు? బొత్తాం నొక్కాను.
ఏం జరిగింది? గిర్రున తిరుగుతూనే ఉంది.
ఏం జరగాలనుకున్నావు?
మేం ఎక్కడున్నామో మీకు తెలియాలని.

అలాంటివి ఆ పూట అరవై వచ్చాయి.
పసుపు పెట్టాను.
నలభై నిమిషాల తర్వాత దాని వంతొచ్చింది.
సెట్టింగుల్లోకి వెళ్ళు, లొకేషన్ ఆన్ చెయ్యి,
తెర వెలుతురు తగ్గించు, బ్యాటరీ నిలుస్తుంది అని రాశాను.
చేసినట్టున్నాడు.
తెరమీద నీలం చుక్క ఒకటి పుట్టింది.
పడవ వాళ్ళకి పంపాను, అతనికీ రాశాను:
సరిపోయిందా?

పడవ వెళ్ళింది.
చుక్క ఉన్నచోట నీళ్ళే ఉన్నాయన్నారు.
అంతకుముందే వేరే పడవలేవో
ఆ దారిన తిరిగాయని కూడా అన్నారు.
రెండూ రాసుకున్నాను, ఒకదాని కింద ఒకటి.

పదకొండు రోజులు.
రోజూ పొద్దున్నే కంప్యూటర్ అడుగుతుంది:
నాలుగొందల పన్నెండులో కదలిక లేదు, మూసెయ్యమంటారా?
"తర్వాత" నొక్కుతాను.
ముప్ఫై రోజులు నిండితే ఇక అడగదుట,
తనంత తానే మూసేస్తుందిట.

ఆ ముప్ఫై ఎక్కడ రాసి ఉంటుందో నాకు తెలుసు.
నిన్న రాత్రి అందరూ పడుకున్నాక
దాని పక్కన ఇంకో సున్నా చేర్చాను.
క్రిసాంతా టీచరు పడుకోలేదు.
నా వెనకే నిలబడి
"ఏం చేశావు?" అంది.
మిగతా రెండూ అడగలేదు.

తెల్లవారుజామున కింది వీధిలోంచి
వేడి పాండెసాల్ రొట్టెలొచ్చాయి.
వాటి వెనకే రొడేలియో మెసేజి.
పాస్‌వర్డ్. ఆరోసారి.
తిట్టబోయి
ఎరుపు పెట్టాను.