మోచేతి మీద రెండు వేళ్లు

ఫొటో వెనక ఏమీ లేదు,
ఎవరో రాసి, ఇంకెవరో రబ్బరుతో చెరిపేసిన మరక తప్ప.
ముందువైపు తడిసిన రాళ్ల వీధి, పల్లానికి జారిపోతూ.
మూడు పొగగొట్టాలు, ఒకదానికే పొగ.
ఒక గుమ్మంలో ఏప్రాన్ కట్టుకున్న మనిషి.

డండీలో ఒకప్పుడు ఇలాంటి వీధులు కొల్లలు.
బెంగాల్ జనపనార ఓడ దిగి
తిమింగలం నూనె తాగి మెత్తబడి
దారమై, గుడ్డై, గోనెసంచై
ఎవరెవరి ధాన్యాన్నో మోయడానికి మళ్లీ ఓడెక్కిన వీధులు.
వాటిలో ఇదేదో చెప్పమంటే
బల్ల చుట్టూ ముగ్గురం, మూడు పేర్లు.

ఇన్నెస్ భూతద్దం పట్టాడు.
గొట్టం మెడకి తెల్ల ఇటుకల పట్టీ ఉందన్నాడు.
పట్టీ కట్టుకున్న గొట్టాలు ఈ ఊళ్లో పదకొండు.
నేను నీడలు కొలిచాను.
పొద్దున్నో సాయంత్రమో తేలక నీడ రెండువైపులా సాక్ష్యం చెప్పింది.
పబ్బు బోర్డు మీద మిగిలిన రెండున్నర అక్షరాలకి
ఐల్సా పన్నుల పుస్తకాల్లోంచి
పద్దెనిమిది మంది యజమానుల్ని పట్టుకొచ్చింది.
అలా రెండు మంగళవారాలు.

మూడో మంగళవారం వాన.
గొడుగు ఆరబెట్టుకోడానికి లోపలికొచ్చింది నెట్టా కార్గిల్.
ఎనభై మూడేళ్లు. చెవులు ఎప్పుడో మగ్గాలకి ఇచ్చేసింది.
మాట్లాడితే మన కళ్లలోకి కాదు, నోట్లోకి చూస్తుంది.
ఆ హోరులో వాళ్లందరికీ పెదాలే చెవులు.

ఏదో మర్యాదకి ఫొటో ఆమె ముందుకి జరిపాం.
గొట్టాలు చూడలేదు. బోర్డు చూడలేదు.
గుమ్మంలో మనిషినే చూసింది, టీ చల్లారేదాకా.
“దీని చెయ్యి చూశారా?”

చూశాం. చలికి చేతులు కట్టుకుందనుకున్నాం.
ఎడమ మోచేతి మీద కుడిచేతి రెండు వేళ్లు.

మేస్త్రీ వస్తున్నాడు, జాగ్రత్త.
ఈ ఒక్క మాటకి ఒక్కో మిల్లుకీ ఒక్కో సైగట.
రేవు పక్క మిల్లులో లేని మీసం మెలేసేవాళ్లు.
కొండ మీది మిల్లులో గుండీ తడుముకునేవాళ్లు.
మోచెయ్యి కార్డింగ్ వైండ్‌లోనే.
అక్కడి మేస్త్రీ ప్రింగిల్ ఎడమ చెయ్యి
యుద్ధం నుంచి వంగకుండా తిరిగొచ్చింది.

ఇన్నెస్ మ్యాపు పరిచాడు. గొట్టాలు సరిపోయాయి.
రెండున్నర అక్షరాలూ వచ్చి తమ చోట కూర్చున్నాయి.
పల్లం మాత్రం మ్యాపులోకంటే ఎక్కువ.
అయినా అదే.
ఇప్పుడది రింగురోడ్డు, పక్కన తివాచీల షాపు.
వారానికి నాలుగుసార్లు అక్కడ గేరు దించుతాను నేను.
ఎందుకు దించుతున్నానో ఒక్కసారీ అడగలేదు.

ఐల్సా పెన్సిలు చెక్కుతోంది, వెనక రాయడానికి.
“మేస్త్రీ వస్తున్నాడంటోంది కదా,
మరి మేస్త్రీ ఏడీ?” అంది నెట్టా.

కిటికీల్లో వెతికాం. పబ్బు తలుపు చీకట్లో వెతికాం.
ఆమె మమ్మల్ని కాసేపు వెతకనిచ్చింది.
తర్వాత అరచేతిని కంటి ముందు పెట్టి
వేలితో గాల్లో నొక్కింది.

ప్రింగిల్‌కి కెమెరా ఉండేదట.
ఒక్క చేత్తో పట్టుకుని, అదే చేత్తో నొక్కేవాడట.
వీధి అందుకే ఒరిగింది.
మేం పల్లం అనుకున్నదాంట్లో సగం
అతని చెయ్యి.

“మరి సైగ ఎవరికి?” అన్నాను.
కిటికీవైపు తిరిగి ఉంది. వినలేదు.
ఎదురుగా వెళ్లి మళ్లీ అడిగాను.
“మాకే. ఈ అంచు దాటితే గోడ.
గోడవతల నలుగురం, ఒక సిగరెట్టు.”

పట్టుబడ్డారా అంటే చెప్పలేదు.
గుమ్మంలో మనిషి పేరడిగింది ఐల్సా, పెన్సిలు పట్టుకుని.
నెట్టా పెదాలు కదిపి చూసుకుంది, ఒకసారి, ఇంకోసారి.

మోలీయో, పోలీయో.
పెదాల మీద రెండూ ఒకటే.
నేను దాని పేరు ఎప్పుడూ వినలేదమ్మా, చూశానంతే.