ఇటుక అందుకునే చెయ్యి

పదకొండేండ్లు నా మెడల విజిల్ ఉండె.
కోయిలకొండ బడి గ్రౌండుల నేను ఊదితే
గుట్ట మీది కోట గోడ ఒక అడుగు ఎనక్కి జరుగుతదని
పిల్లలు నవ్వుకునేటోళ్లంట.
ఆ సంగతి నాకు ఆలస్యంగ తెలిసింది.
చాలా సంగతులు ఆలస్యంగనే తెలిసినయి.

మా కోర్టు సిమెంటుది. మూడు పగుళ్లు.
ఒక పగుల్ల ఏటా తుమ్మికూర మొలుస్తది,
పీకుతం, మళ్ల మొలుస్తది.
ఒక్క రింగుకే జాలి. రెండోది
మేత అందని మేక మెడ లెక్క ముందుకు వంగింది.
మార్చి వస్తే పొద్దున తొమ్మిదింటికే కాలు పెట్టనియ్యదు.

ఆడ నిలబడి ఏమేం అరిచిన్నో
ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతయి.
మోకాలు వంచు. మోచెయ్యి లోపల. తల పైకి.
నిన్న చెప్పలేదా. మొన్న చెప్పలేదా.
చెప్పుడే నేర్పుడనుకున్న.
గట్టిగ చెప్తే గట్టిగ వస్తదనుకున్న.

పాలమూరు స్టేడియంల జడ్చర్ల పిల్లల మీద
ఇరవై రెండు పాయింట్లతో ఓడినం.
తిరుగు బస్సుల ఎవ్వరూ ఏడ్వలే.
కిటికీ పక్క పిల్ల మెల్లగ అంటున్నది,
"బాల్ జారినప్పుడు
నేను బాల్ దిక్కు చూడలేదే,
సారు మొఖం చూసిన."

దసరా సెలవులైనంక జములమ్మ వచ్చింది.
తొమ్మిదో తరగతి పిల్ల, ఏడో తరగతంత పొడుగు.
అమ్మ, నాయిన పుణె దిక్కు బిల్డింగు పనికి పోతే
రెండేండ్లు వాళ్లెంబడే తిరిగిందంట.
బాల్ ఎన్నడూ ముట్టలేదన్నది.
సరే, వరుస చివర నిలబడమన్న.

పాసు ఆమె దాకా పోయింది.
చప్పుడు రాలే.

ఇన్నేండ్లు నా పిల్లల అరచేతుల్ల
ఫట్ మనే చప్పుడే విన్న.
ఈమె చేతులు బాల్‌కు ఎదురుపోయినయి,
తాకంగనే దాంతోపాటే రొమ్ము దాకా ఎనక్కొచ్చినయి,
నిద్రపోయే చంటిదాన్ని
ఒకరి ఒళ్లకెళ్లి ఇంకొకరు తీసుకున్నట్టు.

విజిల్ నా పండ్ల నడుమనే ఆగింది.
"ఎవరు నేర్పిన్రు?"
"ఎవరు లేరు సార్. ఇటుకలు."

కింద నాయిన, మెట్ల నడుమ తను, పైన అమ్మ.
ఇటుకను ఆపొద్దంట, ఆపితే తోలు లేస్తది.
దాంతోని జరంత దూరం పోవాలంట.
"ఇటుకను చూడొద్దు సార్,
ఇసిరెటోళ్ల భుజం చూడాలె.
భుజం అలిసిపోతే ఇటుక పక్కకొస్తది."

కోచింగ్ క్యాంపుల నేను రాసుకున్న రెండు నోట్‌బుక్కులల్ల
అలిసిన భుజం గురించి ఒక్క ముక్క లేదు.

ఆమెను ముందుకు పిలిచి
నేను వరుస చివరికి పోయిన.
నలభై మూడేండ్ల మనిషి, పిల్లల ఎనక, చేతులు చాపి.
మొదటి మూడూ ఫట్ మన్నయి.
"సారు చేతులు మొద్దు," ఎవరో నవ్విన్రు.
నవ్వనిచ్చిన.

ఇటుకను పొగడాలని లేదు నాకు.
జములమ్మ చిటికెనవేలి గోరు ఇప్పటికీ వంకరనే.

కానీ అప్పటికెళ్లి అడుగుడు మొదలుపెట్టిన.
గొర్లోళ్ల ఆశమ్మను అడిగితే అన్నది,
తప్పిపోయే గొర్రె ఎంబడి ఉరకరంట,
అది పోవాలనుకున్న చోటికి ముందే పోయి నిలబడుతరంట.
డిఫెన్సు గురించి ఇంతకన్న నేను చెప్పేదేముంది?

అన్నీ కుదరలే.
ఫ్రీ త్రోలు ఇంకా గాలికే పోతున్నయి.
మొన్న శుక్రవారం మళ్ల అరిచిన,
అరిచి, తాళంచెవులతోని జేబుల పడున్న విజిల్‌ను తడుముకుని
సిగ్గుపడ్డ.

ఈ ఏడు కూడా జడ్చర్ల మీద ఓడినం. తొమ్మిది పాయింట్లు.
బస్సుల లొల్లి లొల్లి,
ఒకరి తప్పు ఒకరు తీసుకుంట, ఏడ్చుకుంట,
కోయిలకొండ గుట్ట కనపడేదాకా.

ఆఖరి నిమిషంల ఒక పాసు జారిందా,
జారిన పిల్ల
పాసిచ్చినామె భుజం దిక్కు చూసింది.
నా దిక్కు తిరగనే లేదు.