బోణీ

కార్డు మీద నా పేరు కింద
'క్రాఫ్ట్ కన్సల్టెంట్' అని వేయమన్నాను.
బ్రాడీపేట నాలుగో లైన్లో ప్రెస్సు కుర్రాడు
అంటే ఏం పనక్కా అన్నాడు.
పూసలూ దారాలూ అమ్మే పని అన్నాను.
ఓహో అని
ఆ మాటని నా పేరుకంటే పెద్దక్షరాల్లో వేశాడు.

పొద్దున ఏడు నించి ఒంటిగంట దాకా
కొత్తపేట ల్యాబులో కౌంటరు నాది.
పరగడుపునేనా వచ్చారు, టీ కూడా తాగలేదుగా
అని రోజుకి అరవైమందిని అడుగుతాను.
రెండింటికి
ఆ గొంతే మార్చి, ఆ చేత్తోనే
నీలం సంచి జిప్పు లాగుతాను.

నెమలికంఠం రంగు సిల్కుదారం
చమ్కీలు, కుందన్లు, జర్దోసీ చుట్టలు
మగ్గం సూదులు
పిల్లల ప్రాజెక్టులకి రంగుకాగితం పీలికలు.
కిట్టు రెండువేల ఎనిమిదొందలు,
చీటీ పాట డబ్బుల్లోంచి కట్టాను.

"ముందు నీవాళ్ళ లిస్టు రాయి సలోమీ, వందమంది"
అంది రమామణి మేడం.
నలభై మూడు దగ్గర పెన్ను ఆగింది.
ల్యాబులో రక్తం ఇచ్చిపోయేవాళ్ళని కలుపుకుంటే తప్ప
వంద కాదు.
ఆ నలభై మూడులో మొదటిది మా పిన్ని కూతురు.
సంచి చూడగానే
"ఇప్పుడే చర్చికి బయల్దేరుతున్నామే" అంది,
మంగళవారం మధ్యాహ్నం మూడింటికి,
నైటీలో.

పట్టాభిపురంలో డెమో పెట్టాను.
ఆరుగురొచ్చారు. ఎంత బాగుందో అన్నారు.
బాగుందన్న ప్రతివాళ్ళూ కిందపెట్టేశారు.
ఇంటావిడ మనవడు డబ్బా తన్నితే
పూసలు సోఫా కిందికి పారాయి.
బోర్లా పడుకుని చీకటి పడేదాకా ఏరాను.
లెక్క చూసుకుంటే ఒకటి ఎక్కువొచ్చింది,
పాత పగడం, అరిగిపోయింది.
మాది కాదన్నారు అందరూ.
నాదీ కాదు.
అదింకా సంచి అడుగునే ఉంది.

ఇరవైరోజులు.
పుస్తకంలో అమ్మకం పేజీ తెల్లగా.
ల్యాబు నించి అడ్డదారని
యార్డు వెనక సందులో పడ్డాను ఒకరోజు.
గోడనీడన గోతాం పరుచుకుని
తొడిమలు తీస్తున్నారు పదిమంది.
గాలి పీలిస్తే గొంతులో నిప్పు.
"ఏందమ్మా ఆ సంచీలో, బట్టలా?"
కొంగు ముక్కుకి కట్టుకున్న దీనమ్మ.

తెరిచాను.
ఆమె చెయ్యి ముందుకొచ్చింది,
వేళ్ళు గోళ్ళదాకా ఎర్రగా.
నేను ఏమీ అనలేదు.
సంచి మాత్రం, నాకు తెలీకుండానే,
బెత్తెడు వెనక్కి జరిగింది.

చూసింది.
రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని
వంగింది.
"తాకన్లే. కళ్ళతోటి చూస్తా."

ఆ తర్వాత సంచిలో ఉన్నవన్నీ
నేనే ఒక్కొక్కటీ తీసి
ఆమె మొహం ముందు పట్టుకున్నాను.
ఎరుపు తీస్తే
"అది మూసెయ్, పొద్దస్తమానం అదేగా" అంది.
పక్కనున్నవాళ్ళు నవ్వి దగ్గారు, దగ్గి నవ్వారు.
నెమలికంఠం దగ్గర ఆగింది.
ఎంత? ముప్పైఅయిదు.
గంపెడు కాయ ఒలిస్తే వచ్చేది ఎంతో
నేను అడగలేదు.
బేరమాడితే బాగుణ్ణని ఉంది నాకు.
ఆడలేదు.

కాగితంలో చుట్టి ఇచ్చాను.
"ఏం కుడతావు దీనమ్మా?"
"కుట్టేది తర్వాత. ముందు నా దగ్గర ఉండనియ్."
రొంటిన దోపిన మడతలోంచి
రెండు ఇరవైలు తీసింది.
అయిదు తిరిగిచ్చాను.

నా వాటా ఎనిమిది రూపాయల డెబ్భైఅయిదు పైసలు.
షేరాటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని
లెక్క వేసుకుంటూ వేసుకుంటూ
కన్ను నలుపుకున్నాను,
ఆ నోట్లు పట్టుకున్న చేత్తో.

భగ్గుమంది.
కారుతూనే ఉంది శంకర్ విలాస్ దాకా.
అద్దంలో చూసి ఆటో అతను
"ఏమైందక్కా, ఎవరన్నా పోయారా?"

"లేదన్నా,
బోణీ అయింది."